పాతబస్తీలో యవన విద్య

చార్మినారు వీధులలో ఇరువురు పెద్దమనుష్యులు కలిసికొన్నప్పుడు మొట్టమొదట వినవచ్చు మాట "మిజాజ్ శరీఫ్?" అనునది. తెలుగువారమైన మనము దానిని "కులాసాయేనా?" యను ప్రశ్నగా గ్రహించి, అంతయు మీ దయ యని బదులు చెప్పి ముందునకు సాగుదుము. ఆ మాట నిజముగా అడుగుచున్న సంగతి వేరు. మిజాజ్ అనగా అరబ్బీలో కలయిక, మిశ్రణము. మీ దేహములోని నాలుగు ద్రవములును సరియైన పాళ్లలో కలిసియున్నవా యని అడుగుట దాని మూలార్థము. ఈ ప్రశ్నకు పునాది వేసినవారు అరబ్బులు కారు, పారసీకులు కారు. క్రీస్తునకు పూర్వము కోస్ ద్వీపమున వెలసిన హిపోక్రటీసు సంప్రదాయమువారు దీనికి ఆద్యులు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున పెర్గమమ్ నగరమున బుట్టిన గాలెన్ దీనిని శాస్త్రముగా కూర్చినవాడు. పాతబస్తీలో తమలపాకులు కొను వృద్ధుడు దినమునకు పది పర్యాయములు గ్రీకు వైద్యమును స్మరించుచున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు; మనకును తెలియదు.

కొన్ని నెలల క్రిందట నా తరగతిలో ఒక విద్యార్థి లేచి, యునానీ వైద్యము మనదా, ముసల్మానులదా యని ప్రశ్నించెను. నేను నోరు విప్పులోపల మరియొకడు, ముందు బల్లపై కూర్చున్న కతోలిక బాలుని చూపి, "వీరి మతమువలె అదియు పైనుండి వచ్చినదే కదా, సార్" అనెను. తరగతి నవ్వెను. ఆ బాలుడు నవ్వలేదు. అంతలో గంట కొట్టిరి. నేను పుస్తకము మూసి వెలుపలికి వచ్చితిని. సంస్కృతమును, ఇంగ్లీషును చదువుకొని ఇరువది యేండ్లుగా పిల్లలకు పాఠములు చెప్పుచున్న నాకు, ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు చెప్పదగిన సమాధానము తోచకపోవుట సిగ్గు కలిగించెను. ఆ బాకీని తీర్చుకొనుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

మొదట మన యింటినుండియే ప్రారంభింతము. "యునానీ" యను శబ్దమును, మన "యవన" శబ్దమును తోబుట్టువులు. ఆసియా మైనరు పడమటి తీరమున గ్రీకులు నివసించిన ఐయోనియా దేశనామమునుండియే ఆ రెండును పుట్టినవి. యవనులతో మనకు గల సంబంధము యుద్ధసంబంధము మాత్రమే కాదు. ఆరవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో, యవనులు మ్లేచ్ఛులే యైనను జ్యోతిశ్శాస్త్రము వారియందు చక్కగా నిలిచియున్నది గనుక ఋషులవలె పూజింపదగినవారని చెప్పెను. ఆ కాలపు కట్టుబాట్లలో ఈ మాట చెప్పుటకు ఎంత గుండెధైర్యము కావలెనో ఆలోచింపుడు. హోర, కేంద్రము, లిప్త, జామిత్రము అను జ్యోతిష పదములు గ్రీకునుండి సంస్కృతమున చేరినవి. కేంద్రమునకు మూలమైన గ్రీకు పదమునకు ముల్లు అని అర్థము. వృత్తము గీయునప్పుడు నడుమ గ్రుచ్చు మొన అదియే. నేడు ఢిల్లీలోని ప్రభుత్వమును మనము "కేంద్రము" అనుచున్నాము. స్వదేశాభిమానమును గూర్చి ఉపన్యసించు నాయకుడు సైతము ఆ యవనపదము లేక తన వాక్యమును ముగింపలేడు. ముహూర్తము పెట్టు పురోహితుడును హోరను విడువలేడు. ఇట్లు యవనవిద్యకు మన దేశమున మొదటి ద్వారము తెరచినది సంస్కృతమే.

రెండవ ద్వారము బాగ్దాదు. గ్రీకు గ్రంథములు అలెగ్జాండ్రియానుండి సిరియా మఠములకును, అచ్చటినుండి అబ్బాసీ ఖలీఫాల రాజధానికిని చేరినవి. వానిని అరబ్బీలోనికి తెచ్చిన వారిలో పెక్కురు క్రైస్తవులు. గాలెన్ గ్రంథములను సిరియాక్, అరబ్బీ భాషలలోనికి అనువదించి ఆ పనికి తలమానికమైన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ (809–873) తూర్పుదేశపు క్రైస్తవసంఘమునకు చెందినవాడు. ఆయనకు జీతమిచ్చి పోషించినవారు ముసల్మాను ప్రభువులు. ఆయన అనువదించిన గ్రంథకర్త క్రీస్తును కొలువని, మహమ్మదు ప్రవక్తకు పూర్వుడైన గ్రీకు. ఒక వైద్యగ్రంథమును ముగ్గురు మతస్థులు మోసికొనివచ్చిరి. అటుపిమ్మట ఇబ్న్ సీనా (980–1037) ఆ శాస్త్రమునంతటిని క్రోడీకరించి "అల్ ఖానూన్" అను మహాగ్రంథము వ్రాసెను. ఆ పేరునకు మూలమైన "కానోన్" గ్రీకుపదమే. కొలబద్ద యని దాని అర్థము. మన న్యాయస్థానములలో వినవచ్చు "కానూను" అదియే. కతోలిక పీఠాధిపతులు వివాహవివాదములను తీర్చు ధర్మశాస్త్రమునకు "కానన్" అను పేరును అదియే. ఒకే కొలబద్ద వైద్య, న్యాయ, ధర్మవ్యవస్థలకు సరిపోయినది.

హైదరాబాదు నగరము 1591లో నిర్మింపబడినది. నాలుగేండ్లు తిరుగకుండ, 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫాను కట్టించెను. రోగులకు వసతియు, విద్యార్థులకు వైద్యపాఠమును ఒకే కప్పుక్రింద దొరకునట్లు ఏర్పరచిన రెండంతస్తుల భవనమది. నగరము పుట్టిన ఘడియలలోనే చార్మినారుతోపాటు ఒక ఆస్పత్రి లేచుట ఈ ఊరికి గర్వకారణము. నేడు అచ్చట వైద్యము లేదు. ఆ పేట పేరు మాత్రము దారుల్‌షిఫాగా నిలిచినది. కాని ఆ విద్య నిలిచిపోలేదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున చార్మినారు ప్రక్కనే కట్టబడిన నిజామియా యునానీ ఆస్పత్రిలో నేటికిని హకీములు నాడి చూచుచున్నారు. ఎఱ్ఱగడ్డలో చర్మరోగములపై పరిశోధన చేయు యునానీ సంస్థ కేంద్రప్రభుత్వ నిర్వహణమున నడచుచున్నది.

ఆ హకీముల మాట వినినవారికి గ్రీకు తత్త్వము ఇంటి వాకిటనే కానవచ్చును. రక్తము, శ్లేష్మము, పసుపు పైత్యము, నల్ల పైత్యము అను నాలుగు ద్రవములు. ఉష్ణము, శీతము, ఆర్ద్రము, శుష్కము అను నాలుగు గుణములు. వీని హెచ్చుతగ్గులే రోగము. నల్ల పైత్యమును వారు "సౌదా" యందురు; దిగులుపడి తిరుగువానిని "సౌదాయీ" యనుట అందుచేతనే. ఔషధమునకు ముందు వారు విచారించు అంశములు ఆరు: పీల్చు గాలి, తిండి, నీరు, దేహమునకు శ్రమ, విశ్రాంతి, మనస్సునకు శ్రమ, విశ్రాంతి, నిద్ర, మెలకువ, మలములు పోవుట, నిలుచుట. ఈ ఆరింటి పట్టికయు గాలెన్ సంప్రదాయమునుండి వచ్చినదే. మన ఆయుర్వేదమును వాతపిత్తకఫముల సమత్వమునే ఆరోగ్యమన్నది. ఒకటి రెండవదానికి నకలు కాదు. అయినను పాతబస్తీలో ఇవి రెండును నాలుగువందల యేండ్లు ఇరుగుపొరుగు కాపురము చేసినవి. మామిడిపండు వేడియనియు, మజ్జిగ చలువయనియు పలుకు మన ఇల్లాలును, ఆమె ప్రక్కింటి బీబీయును ఒకరి మాట నొకరు దుబాసి లేకయే గ్రహింతురు.

వైద్యముతోపాటు తర్కమును వచ్చినది. అరిస్టాటిల్ "అరస్తూ"యై, ప్లేటో "అఫ్లాతూన్"అయి మదరసాలలో ప్రవేశించిరి. మితిమీరిన తెలివి చూపు కుఱ్ఱవానిని "బడా అఫ్లాతూన్" అని వీధిలో ఎత్తిపొడుచుట మీరును వినియుందురు. పాపము, రెండువేల నాలుగువందల యేండ్ల తరువాత ఏథెన్సు నగరపు మహర్షి మన గల్లీలలో తిట్టుగా మిగిలినాడు! కాని ఆయన తిట్టుగా మాత్రమే మిగులలేదు. నసీరుద్దీన్ తూసీ 1235లో వ్రాసిన "అఖ్లాఖె నాసిరీ" అను పారసీక నీతిగ్రంథము మొగలాయీ కాలమున ఉద్యోగార్థులు చదువు పుస్తకము. అందు చెప్పబడిన మూలసద్గుణములు నాలుగు: హిక్మత్, షుజాఅత్, ఇఫ్ఫత్, అదాలత్. వివేకము, ధైర్యము, నిగ్రహము, న్యాయము. ఇవి ప్లేటో "రిపబ్లికు"లో చెప్పిన నాలుగే. ఈ నాలుగింటిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ఇవి మరల మనకు ఎదురుపడును.

1888లో ఈ నగరమున స్థాపింపబడిన దాయిరతుల్ మఆరిఫ్ అను సంస్థ పని ఇంకను ఆశ్చర్యకరమైనది. ప్రపంచమున మూలమూలల పడియున్న అరబ్బీ వ్రాతప్రతులను తెప్పించి, సరిపోల్చి, ముద్రించుటయే దాని వ్రతము. ఫారాబీ తత్త్వవ్యాసములను అది 1926లో అచ్చువేసెను. అల్ రాజీ వైద్యసర్వస్వమైన "అల్ హావీ"ని 1955 నుండి పెక్కు సంపుటములుగా వెలువరించెను. అన్నిటిని మించి, ఇబ్న్ రుష్ద్ (1126–1198) అరిస్టాటిల్ గ్రంథములపై వ్రాసిన సంగ్రహములను 1947లో ప్రకటించెను. ఈ ఇబ్న్ రుష్ద్ స్పెయిను దేశపు కొర్దోవావాడు. 1195లో ఆయనను దేశబహిష్కృతుని జేసి ఆయన తత్త్వగ్రంథములను తగులబెట్టిరి. కొర్దోవాలో మంటపాలైన విద్య ఏడున్నర శతాబ్దములకు మూసీయొడ్డున అచ్చుపోసికొన్నది. 1947 ఈ నగరమున ఎట్టి కలతల సంవత్సరమో చెప్పనక్కరలేదు. ఆ యేడును అచ్చుయంత్రము ముందు కూర్చుండి అరిస్టాటిల్‌కు తప్పొప్పులు దిద్దినవారు ఈ ఊరిలో నుండిరి.

ఇక మూడవ ద్వారము. దీనికై మనము 1859లో కట్టిన నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజి, ఆబిడ్సు మీదుగా గన్‌ఫౌండ్రీకి పోవలెను. చార్మినారునుండి నడిచిపోదగిన దూరమే. పద్దెనిమిదవ శతాబ్దపు చివర ఫ్రెంచి సేనాని రేమోను నిజాముకొఱకు ఫిరంగులు పోతపోయించిన చోటది. 1851లో హైదరాబాదు ప్రత్యేక కతోలిక మండలమైనది. దానికి మొదటి అధిపతి ఐర్లండు దేశీయుడైన డానియేల్ మర్ఫీ. 1855 నుండి మిలాను నగరపు మిషనరీలు పనిచేయ నారంభించిరి. వారు కట్టిన సెయింట్ జోసఫ్ దేవాలయము 1875లో క్రిస్మసునాడు తెరవబడినది. ఫిరంగులు పోసిన పేటలో గంటలు మ్రోగుట మొదలైనది.

ఆ దేవాలయమును పాతబస్తీవారు "గిర్జా" యందురు. ఈ మాట పోర్చుగీసు "ఇగ్రేజా"నుండి, అది గ్రీకు "ఎక్లేసియా"నుండి వచ్చినది. ఏథెన్సు పౌరుల ప్రజాసభకు ఆ పేరుండెడిది. "కతోలిక" యనునది "సర్వవ్యాప్తమైన" యని అర్థమిచ్చు గ్రీకుపదము. "క్రీస్తు" గ్రీకు. "బైబిలు" గ్రీకు. ఖురాను పేర్కొను "ఇంజీల్" సైతము సువార్త యను అర్థముగల గ్రీకుపదమునకు రూపాంతరమే. యోహాను తన సువార్తను ప్రారంభించుచు క్రీస్తును "లోగోస్" అనెను. హెరాక్లిటసును, స్టోయికులును జగత్తును నడుపు బుద్ధికి వాడిన పదమది. మన తెలుగు అనువాదకులు దానిని "వాక్కు" అనిరి. శబ్దమే బ్రహ్మమని చెప్పిన భర్తృహరిని చదివిన నావంటివానికి ఆ మాట కొత్తగా తోచదు. పేర్లు వేరు కావచ్చును. మానవబుద్ధి తట్టిన తలుపు ఒకటి.

పదములు వచ్చినంతమాత్రమున తత్త్వము వచ్చినదనరాదు గదా యని ఆక్షేపింపవచ్చును. సరియే. తత్త్వము తోమాస్ అక్వీనాసుతో వచ్చినది. పదమూడవ శతాబ్దపు ఈ ఇటలీ సన్న్యాసి, అరిస్టాటిల్‌ను క్రైస్తవవిశ్వాసముతో సమన్వయపరచెను. ఆయనకు అరిస్టాటిల్‌ను ఎఱిగించిన వ్యాఖ్యాతలలో ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్ ముఖ్యులు. ఇబ్న్ రుష్ద్‌ను ఆయన పేరుతో గాక "వ్యాఖ్యాత" యనియే పిలిచెడివాడు. పలుచోట్ల ఖండించెను, పలుచోట్ల అనుసరించెను. ఉండియు లేకపోదగిన వస్తువు లన్నిటికిని ఆధారముగా, ఉండకతప్పని సత్తు ఒకటి కలదను ఆయన వాదమునకు ఇబ్న్ సీనా "వాజిబుల్ వుజూద్" విచారము పూర్వరూపము. మన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో, కుండకు కుమ్మరివలె జగత్తునకు కర్త యుండవలెనని సాధించెను. ఆయనకు అక్వీనాసు తెలియదు, అక్వీనాసునకు ఆయన తెలియడు. అయినను ఈ ముగ్గురిని ఒక అరుగుమీద కూర్చుండబెట్టినయెడల, రాత్రి తెల్లవారువరకు వారికి మాటలు కరవు కావు. కోపము వచ్చినను, ఏ మాటకు కోపము వచ్చినదో ముగ్గురకును తెలియును.

ఇది పండితుల గోష్ఠి మాత్రమే కాదు, వంటయింటివరకు వచ్చినది. ఆదివారమున దివ్యసత్ప్రసాదము స్వీకరించు కతోలిక స్త్రీని అడుగుడు. అప్పము యొక్క రూపము, రంగు, రుచి అట్లే యుండగా, దాని అసలు తత్త్వము క్రీస్తు శరీరముగా మారునని ఆమె విశ్వసించును. ద్రవ్యము వేరు, దానిని ఆశ్రయించిన గుణములు వేరు అను అరిస్టాటిల్ విభాగము లేనిచో ఈ విశ్వాసమును ఈ రీతిగా చెప్పుటకు వీలులేదు. 1215లో లాటెరాను మహాసభయు, 1551లో ట్రెంటు మహాసభయు ఈ సిద్ధాంతమును స్థిరపరచినవి. ఆమె సంస్కారములకు తమిళ, తెలుగు కతోలికుల పాత వాడుకలో "దేవద్రవ్యానుమానములు" అని పేరు. ద్రవ్యము, అనుమానము! వైశేషికుల మొదటి పదార్థము, నైయాయికుల రెండవ ప్రమాణము. గౌతముడును, కణాదుడును, అరిస్టాటిలును ఒక ముసలమ్మ జపపుస్తకమున కలిసికొన్నారు.

ఇట్టి భాష ఊరక పుట్టలేదు. 1606లో మధురకు వచ్చిన రాబర్టు డి నోబిలి అను ఇటలీ దేశపు యేసుసభ గురువు, ఆ కాలమున తెలుగు నాయకరాజు లేలుచున్న ఆ నగరమున శివధర్ముడను తెలుగు బ్రాహ్మణునియొద్ద సంస్కృతము నేర్చెను. పిలక, జందెము, గంధము దేశాచారములే గాని విశ్వాసమునకు విరుద్ధములు కావని ఆయన వాదించెను. స్వపక్షమువారే ఆయనపై నేరము మోపిరి. ఆ వివాదమున 1623లో పోపు పదునైదవ గ్రెగరీ ఆయనకు అనుకూలముగా తీర్పు చెప్పెను. మతము వేరు, దేశాచారము వేరు అని విడదీయుటకు ఆయనకు తోడ్పడినది అక్వీనాసు నేర్పిన యుక్తివిచారమే. అయితే ఆ యుక్తి కులభేదములను కూడ దేశాచారములనియే విడిచిపెట్టెను. ఆ లోపము ఫలితమును క్రైస్తవదళితులు తరతరములుగా అనుభవించిరి. పెద్దలను గౌరవించునప్పుడు వారి లోపమును కప్పిపుచ్చుట గౌరవము కాదు.

గోలకొండలోను ఈ రెండు ప్రవాహములు ముఖాముఖి నిలిచిన కాలమొకటి యుండెను. 1667లో ఇచ్చటికి వచ్చిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, గసెందీ యను కతోలిక గురువునకు శిష్యుడు. ఈ గసెందీ అరిస్టాటిల్‌ను కాదని, ఎపిక్యూరసు పరమాణువాదమును క్రైస్తవమున నిలుపజూచినవాడు. ఆ గ్రంథములను తాను మొగలాయీ కొలువులోని దానిష్‌మంద్ ఖానునకై పారసీకమున అనువదించితినని బెర్నియే వ్రాసెను. 1680ల దశకమున గోలకొండలో కొంతకాలమున్న వెనిసు దేశీయుడు మనూచీ సైతము కతోలికుడు, వైద్యవృత్తిచే జీవించినవాడు. అతడు తెచ్చిన ఐరోపా వైద్యమును గాలెన్‌దే. దారుల్‌షిఫా హకీముల వైద్యమును గాలెన్‌దే. మతము, భాష, వేషము వేరైన ఆ వైద్యులు రోగి చేయి పట్టునప్పుడు ఒకే తాతకు మనుమలు. ఈ సంగతి వారిరువురు గుర్తించియుండినయెడల తగవు తగ్గెడిది, విద్య పెరిగెడిది.

ఇంతవరకు చెప్పినది విని, పూర్వులందరు కలిసిమెలిసి విద్యను పూజించిరని మురిసిపోరాదు. చరిత్ర అంత సాధువు కాదు. 1210లో పారిసు మతసభ అరిస్టాటిల్ ప్రకృతిశాస్త్రములను చదువరాదని శాసించెను. నలుబదియైదేండ్లకు అదే పారిసున అరిస్టాటిల్ విధిపాఠ్యమాయెను. 1277లో అచ్చటి బిషపు ఖండించిన ప్రతిపాదనలలో అక్వీనాసు అభిప్రాయములకు చేరువైనవియు నుండెను. 1323లో అదే అక్వీనాసు పునీతుడుగా ప్రకటింపబడెను; 1879లో పోపు పదుమూడవ లియో ఆయన తత్త్వమును మరల విద్యాలయములకు విధించెను. ఇబ్న్ రుష్ద్ కథ పైననే చెప్పితిని. మొదట దహనము, పిమ్మట పూజ: రెండు మతములలోను ఇదియే వరుస. నా మనవి యేమనగా, ఈ రెండింటిలో పూజ తక్కువ హానికరమని తలంపరాదు. గాలెన్‌ను పూజించినవారు, ఆయన కోతి మొదలగు జంతువులను కోసి చూచి మనుష్యదేహమును వర్ణించెనన్న సంగతి మఱచిరి. వెసేలియసు 1543లో మనుష్యశరీరమును కోసి చూపువరకు ఐరోపా పండితులు కండ్లకంటె గ్రంథమునే నమ్మిరి. అల్ రాజీ పదవ శతాబ్దమునకే గాలెన్‌పై సందేహములను ఒక గ్రంథముగా వ్రాసియుండెను. అయినను ఆ సందేహమును పెంచినవారు అరుదు, గాలెన్‌ను వల్లించినవారు వేలు.

ఈ ఊరిలోనే దానికి దృష్టాంతమున్నది. చెడుగాలిచే జ్వరము వచ్చునని హిపోక్రటీసు నాటినుండి నమ్మకము. మలేరియా యను పేరునకు చెడుగాలి యనియే అర్థము. 1897 ఆగష్టు 20న, సికిందరాబాదు సమీపమున బేగంపేటలో, రోనాల్డు రాస్ అను సైనికవైద్యుడు ఒక దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూచెను. రెండువేల యేండ్ల గాలి ఆ ఒక్క మధ్యాహ్నమున చెదరిపోయినది. అంతటితో మన బుద్ధి మారినదా? మా వీధిలో ఒక పిల్లవానికి జ్వరము వచ్చినది. వేడి చేసినదని ఇంటి పెద్దలు నాలుగు దినములు షర్బతులు త్రాగించిరి. అయిదవనాటికి అది డెంగీ జ్వరమని తేలినది. పిల్లవాడు పదునొకండు దినములు ఆస్పత్రిలో నుండి దైవికముగా బ్రతికెను. ఆ యింటివారిని మూఢులని ఎగతాళి చేసిన పొరుగాయన, జలుబు చేసినప్పుడెల్ల వైద్యుని అడుగకయే దుకాణమున ఆంటీబయాటిక్ బిళ్లలు కొని మ్రింగువాడు. ఒకరు పాతది గనుక నమ్మిరి, మరియొకరు కొత్తది గనుక నమ్మిరి. పరీక్షించి నమ్మినవారు వీరిలో ఎవరు?

గ్రీకులు మనకిచ్చిన నిజమైన సొత్తు నాలుగు ద్రవముల సిద్ధాంతము కాదు. అది పోయినది, పోవలసినదే. మితాహారము, నిద్ర, మనశ్శాంతి యను హకీముగారి ఉపదేశము నిలిచినది, ఏలయన పరీక్షకు అది నిలిచినది. అసలు సొత్తు ఆ పరీక్షయే. అరిస్టాటిల్ తన గురువైన ప్లేటో సిద్ధాంతమును ఖండింపవలసివచ్చినప్పుడు, మిత్రులకంటెను సత్యమును ముందుగా గౌరవించుట ధర్మమని చెప్పి ఖండించెను. ఆ అరిస్టాటిల్ మాటనే ప్రశ్నింపరాదన్నవారు ఆయన శిష్యులు కారు. ఆయన విగ్రహమునకు కావలివారు. గురువును దాటిన శిష్యునివలననే విద్య బ్రతుకును. మన వాదపరంపరలోను పూర్వపక్షమును సంపూర్ణముగా చెప్పినగాని సిద్ధాంతము చెప్పుటకు అధికారము లేదు. ఇతరుల మాటను వారికంటె చక్కగా చెప్పగలిగిన పిమ్మటనే కాదనవలెను. అక్వీనాసు గ్రంథరచనయు ఈ పద్ధతియే: మొదట ఆక్షేపణలు, పిమ్మట సమాధానము.

నేను జ్ఞాపకముంచుకొమ్మన్న నాలుగు గుణములు ఇప్పుడు మరల ఎదురుపడుచున్నవి. గన్‌ఫౌండ్రీ దేవాలయమునకు పోవు బాలుడు ధర్మోపదేశమున నేర్చు మూలసద్గుణములు వివేకము, న్యాయము, ధైర్యము, మితము. వీనికి పైన విశ్వాసము, నమ్మిక, ప్రేమ అను మూడింటిని చేర్చి ఏడుగా వల్లించును. నయాపూల్‌కు ఇవతల తూసీ గ్రంథమును చదివిన మౌల్వీగారు చెప్పు నాలుగును అవియే. ఇద్దరకును అవి ప్లేటో యిచ్చినవి. ఒకడు లాటిను త్రోవను, ఒకడు అరబ్బీ త్రోవను నడిచి, మూసీనదికి ఇరుగట్టుల నిలిచి, ఎదుటివాని చేతిలో తన నాణెమే యున్నదని యెఱుగక "వాడు పరాయి" యనుకొనుచున్నారు. మూడవవాడు, కేంద్రమును, హోరను తన తాతల సొమ్మనుకొని, ఈ ఇరువురను చూచి నవ్వుచున్నాడు. నా తరగతిలోని నవ్వు ఇదియే.

మరునాడు నేను తరగతికి పోయి నల్లబల్లపై ఆరు పదములు వ్రాసితిని: కేంద్రము, హోర, కానూను, మిజాజ్, గిర్జా, ఇంజీల్. వీనిలో ఏవి మనవో గీత గీయుడని పిల్లలను అడిగితిని. సుద్దముక్క చేతులు మారినదిగాని గీత తెగలేదు. మొదట ప్రశ్నించిన బాలుడే చివరకు లేచి, "అన్నియు వచ్చినవే, సార్, అన్నియు మనమే వాడుచున్నాము" అనెను. మిజాజ్ మాత్రము అరబ్బులు గ్రీకుభావమునకు కుట్టిన స్వంత అంగరఖా యని నేను చెప్పితిని. ముందు బల్లమీది కతోలిక బాలుడు ఆ దినమున చేయెత్తి, "మా అమ్మమ్మకు చార్మినారు హకీముగారి మందే నచ్చును, సార్, జపమాల చేతబట్టుకొనియే పోవును" అనెను. తరగతి మరల నవ్వెను. ఈ పర్యాయము వాడును నవ్వెను.

విద్యను ఎవరిదని అడుగుట ఆస్తిపంపకములకు తగిన ప్రశ్న. నిజమా యని అడుగుట విద్యార్థికి తగినది. మొదటి ప్రశ్నకు మన నగరము నాలుగువందల యేండ్లుగా నవ్వుచు సమాధానము చెప్పుచునే యున్నది. రెండవ ప్రశ్నను మాత్రము ప్రతి తరమువారును, ప్రతి యింటను, జ్వరము వచ్చిన ప్రతి బిడ్డ మంచముప్రక్కను, తమంతట తామే అడుగుకొనవలెను.